ఎవరి మాట వినాలి?

2002 జూలై 1, రాత్రి 11 గంటల 34 నిమిషాలు దాటింది. జర్మనీ దక్షిణపు కొసన, ఉబెర్లింగెన్ అనే చిన్న ఊరి మీదుగా 36 వేల అడుగుల ఎత్తులో రెండు విమానాలు ఒకదాని దారికి ఒకటి అడ్డంగా దూసుకొస్తున్నాయి. ఒకటి మాస్కో నుంచి బార్సిలోనా వెళ్తున్న రష్యా విమానం, తుపోలెవ్-154. అందులో ఎక్కువమంది ఉఫా నగరం నుంచి సెలవులకని స్పెయిన్ బయల్దేరిన బడిపిల్లలు. రెండోది ఇటలీలోని బెర్గామో నుంచి బ్రసెల్స్‌కు సరుకు తీసుకెళ్తున్న డీహెచ్ఎల్ వారి బోయింగ్-757. అందులో ఉన్నది ఇద్దరు పైలట్లే.

ఆ ప్రాంతం జర్మనీదే అయినా, అక్కడి ఆకాశాన్ని చూసుకునే బాధ్యత స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ కేంద్రానిది. అక్కడ డ్యూటీలో ఉన్న కంట్రోలర్ ఈ రెండింటి సంగతి ఆలస్యంగా గమనించారు. వెంటనే రష్యా విమానాన్ని 35 వేల అడుగులకు దిగమన్నారు. ఏడు సెకన్లు గడిచాయో లేదో, ఆ కాక్‌పిట్‌లోని ఢీకొనకుండా హెచ్చరించే టీకాస్ అనే పరికరం ‘క్లైమ్, క్లైమ్’ అంటూ పైకి ఎక్కమంది. అదే క్షణంలో బోయింగ్‌లోని టీకాస్ తన పైలట్లను కిందికి దిగమంది. బోయింగ్ పైలట్లు యంత్రం మాట విని దిగారు. రష్యా పైలట్లు నేలమీది మనిషి మాట విని దిగారు. కంట్రోలర్ మొదటి ఆదేశం ఇచ్చిన 43 సెకన్లకు, దాదాపు 35 వేల అడుగుల దగ్గర రెండూ ఢీకొన్నాయి. 71 మంది చనిపోయారు.

యంత్రం మాట ఇద్దరూ విని ఉంటే బతికేవారు. యంత్రమే లేకపోయినా, కంట్రోలర్ మాట ప్రకారం ఒక్క విమానమే దిగి ఉండేది కాబట్టి, బహుశా బతికేవారు. ఒకరు మనిషి మాట, ఒకరు యంత్రం మాట వినడం వల్ల ఆ ఘోరం జరిగింది. విమానాల రాకపోకలను నడిపే చోట మనిషికి యంత్రం ఎలా తోడుండాలి అన్న చర్చ ఎక్కడ మొదలైనా ఉబెర్లింగెన్ దగ్గరికి రాక తప్పదు.

ఆ రాత్రి జ్యూరిక్ గదిలో ఏం జరిగిందో జర్మనీ విమాన ప్రమాదాల దర్యాప్తు సంస్థ 2004లో ఇచ్చిన నివేదికలో పూసగుచ్చినట్టు ఉంది. డ్యూటీలో ఉన్నది ఇద్దరు. ట్రాఫిక్ పలచబడ్డాక ఒకరు విశ్రాంతికి వెళ్లారు. అది అక్కడ చాలాకాలంగా నడుస్తున్న పద్ధతే, యాజమాన్యానికీ తెలిసిందే. అదే రాత్రి రాడార్ కంప్యూటర్ల మీద ముందే అనుకున్న మరమ్మతు పని పెట్టుకున్నారు. దాంతో వ్యవస్థ పూర్తి స్థాయిలో కాకుండా అరకొరగా నడుస్తోంది. రెండు విమానాలు ప్రమాదకరంగా దగ్గరవుతుంటే రాడార్ తెరమీద హెచ్చరించే ఏర్పాటు ఒకటుంటుంది. ఆ రాత్రి ఆ హెచ్చరిక తెరమీద కనిపించే స్థితిలో లేదు. పొరుగు కేంద్రాలతో మాట్లాడే ప్రధాన టెలిఫోన్ లైను కూడా మరమ్మతు కోసం ఆపేశారు. ప్రత్యామ్నాయంగా ఉండాల్సిన లైనులో లోపం ఉంది.

ఇంతలో ఫ్రీడ్రిక్స్‌హాఫెన్‌లో దిగాల్సిన ఒక ఎయిర్‌బస్ ఆలస్యంగా వచ్చింది. దాన్ని చూడాలంటే కంట్రోలర్ పక్క సీటుకు, మరో తెరకు, మరో ఫ్రీక్వెన్సీకి మారాలి. ఆ విమానాశ్రయానికి ఫోన్ చేస్తే కలవదు. మళ్లీ చేస్తే మళ్లీ కలవదు. ఆ కొద్ది నిమిషాల్లోనే అవతలి తెరమీద రెండు గుర్తులు దగ్గరయ్యాయి. జర్మనీలోని కార్ల్స్‌రూహ్ కేంద్రంలో మాత్రం హెచ్చరిక మోగింది. ఢీకొనడానికి సుమారు రెండు నిమిషాల ముందే అక్కడివాళ్లు ప్రమాదాన్ని చూశారు. జ్యూరిక్‌కు పదేపదే ఫోన్ చేశారు. లైను కలిస్తే కదా!

ఈ ప్రమాదాన్ని ఒక మనిషి తప్పిదంగా చెప్పి ముగించడం అన్యాయం. సాయం చేయాల్సిన యంత్రం ఆ రాత్రి పూర్తిగా పనిచేయడం లేదు. అలా పనిచేయకపోతే తనకు ఏమేమి తెలియకుండా పోతాయో సీట్లో కూర్చున్న మనిషికి ఎవరూ సరిగా వివరించలేదు. తెరమీద హెచ్చరిక రాలేదంటే ప్రమాదం లేదనా, హెచ్చరించే ఏర్పాటే లేదనా? ఆ రెండింటికీ తేడా తెరమీద కనిపించదు.

ఇక టీకాస్ సంగతి. విమానంలోని ఈ పరికరం చుట్టుపక్కల విమానాల్లో బదులిచ్చే రేడియో పరికరాలైన ట్రాన్స్‌పాండర్లను దాదాపు సెకనుకోసారి పలకరిస్తూ, ఎవరు ఎంత దూరంలో, ఎంత ఎత్తులో ఉన్నారో లెక్క కడుతుంది. ముందు ‘ట్రాఫిక్, ట్రాఫిక్’ అని అప్రమత్తం చేస్తుంది. ప్రమాదం అర నిమిషం లోపలికి వచ్చేసరికి ఎక్కమనో దిగమనో ఆదేశమే ఇస్తుంది. రెండు విమానాల్లోనూ ఆ పరికరం ఉంటే అవి తమలో తాము మాట్లాడుకుని, ఒకటి ఎక్కమంటే రెండోది దిగమంటుంది. ఇంత తెలివైన పరికరానికి కంట్రోలర్ ఏం చెప్పాడో తెలియదు. అది ఏం చెప్పిందో, పైలట్ రేడియోలో చెబితే తప్ప, కంట్రోలర్‌కూ తెలియదు. బోయింగ్ పైలట్లు తాము టీకాస్ చెప్పినట్టు దిగుతున్నామని రేడియోలో చెప్పారు. అప్పటికి వేరే సంభాషణలో ఉన్న కంట్రోలర్ చెవిన అది పడలేదు.

మరి మనిషి, యంత్రం చెరో మాట చెబితే ఎవరిది వినాలి? ఆనాటికి దీనికి ప్రపంచమంతా ఒప్పుకున్న సూటి జవాబు లేదు. రష్యా విమానం మాన్యువల్‌లో కంట్రోలర్ మాటకే పెద్దపీట వేసినట్టు అర్థం చేసుకునే వీలుంది. పాశ్చాత్య దేశాల సంస్థలు టీకాస్ మాటే వినమని నేర్పేవి. అంతర్జాతీయ నిబంధనల్లోనూ పొంతన లేదని దర్యాప్తు తేల్చింది. అంతకు 17 నెలల ముందే, 2001 జనవరి 31న, జపాన్ ఆకాశంలో ఇదే గండం తృటిలో తప్పింది. జపాన్ ఎయిర్‌లైన్స్ విమానాలు రెండు ఎదురుపడ్డాయి. కంట్రోలర్ ఒక విమానానికి ఇవ్వాల్సిన ఆదేశాన్ని పొరపాటున రెండోదాని నంబరు పలికి ఇచ్చారు. ఒక పైలట్ టీకాస్ మాట, ఇంకో పైలట్ కంట్రోలర్ మాట విన్నారు. ఆఖరి క్షణంలో ఒక విమానం ఒక్కసారిగా కిందికి దూకి తప్పించుకుంది. ఆ కుదుపుకు దాదాపు 100 మంది గాయపడ్డారు. రెండింటిలో కలిపి 677 మంది ఉన్నారు. నిబంధన స్పష్టం చేయమని జపాన్ అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థను కోరింది. అది స్పష్టమయ్యేలోపే ఉబెర్లింగెన్ జరిగిపోయింది.

ఇప్పుడు నిబంధనలో సందేహం లేదు. టీకాస్ ఆదేశం వస్తే పైలట్ దాన్నే పాటించాలి, కంట్రోలర్ అందుకు విరుద్ధంగా చెప్పినా సరే. ‘టీకాస్ ఆర్‌ఏ’ (టీకాస్ ఆదేశం వచ్చింది) అన్న మాట రేడియోలో వినపడగానే కంట్రోలర్ ఆ విమానం దారి మార్చే ప్రయత్నం ఆపాలి. ప్రమాదం తొలగిందని పైలట్ చెప్పాకే మళ్లీ తన చేతికి తీసుకోవాలి. పరికరంలోనూ మార్పులు చేశారు. ఒక విమానం ఆదేశానికి వ్యతిరేకంగా కదులుతుంటే రెండోదాని ఆదేశాన్ని తిరగేసే లెక్కను మెరుగుపరిచారు. యూరప్‌లో 2015 డిసెంబరు నాటికి పెద్ద ప్రయాణికుల విమానాలన్నిటికీ ఈ కొత్త కూర్పు తప్పనిసరి అయ్యింది.

అసలు కంట్రోలర్ చేసే పనేమిటి? చాలామంది టవర్‌లో దూరదర్శిని పట్టుకుని రన్‌వే చూసే మనిషిని ఊహించుకుంటారు. అది ఒక భాగం మాత్రమే. ఎక్కువ పని కిటికీలు కూడా లేని గదుల్లో జరుగుతుంది. తెలుగు రాష్ట్రాల మీదుగా ఎంతో ఎత్తులో సాగిపోయే విమానాల్లో చాలావాటిని నడిపించేది చెన్నైలోని ఏరియా కంట్రోల్. ఆకాశాన్ని సెక్టార్లుగా విడగొట్టి, ఒక్కో సెక్టార్‌ను కంట్రోలర్లకు అప్పగిస్తారు. రద్దీ సెక్టార్లలో ఇద్దరు పక్కపక్కనే కూర్చుంటారు. ఒకరు పైలట్లతో మాట్లాడతారు. ఇంకొకరు రాబోయే విమానాల లెక్క, పొరుగు సెక్టార్లతో ఫోన్లు చూసుకుంటారు.

వాళ్ల ముందున్న తెరమీద ఒక్కో విమానానికి ఒక చిన్న గుర్తు, దాని పక్కన రెండు మూడు వరుసల లేబుల్ ఉంటాయి. లేబుల్‌లో విమానం పేరు, ఎత్తు, వేగం ఉంటాయి. 350 అని కనిపిస్తే 35 వేల అడుగులు. దాని పక్కన పైకో కిందికో చిన్న బాణం ఉంటే ఆ విమానం ఎక్కుతోందో దిగుతోందో అర్థమవుతుంది. ఆ లేబుళ్లన్నీ చూసి కంట్రోలర్ మనసులో ఒక చిత్రం కట్టుకుంటారు. ఇంకో పది నిమిషాలకు ఏది ఎక్కడుంటుంది, ఏది దేనికి అడ్డం వస్తుంది, ముందు ఎవరిని పలకరించాలి, ఇవన్నీ అందులో ఉంటాయి. ‘పిక్చర్ పోయింది’ అన్న మాట కంట్రోలర్ నోట వచ్చిందంటే అంతకన్నా భయపడాల్సిన మాట ఆ గదిలో ఇంకోటి లేదు.

వ్యవధి ఎంత తక్కువో ఒక లెక్క చూస్తే తెలుస్తుంది. రాడార్ కింద ప్రయాణించే రెండు విమానాల మధ్య సాధారణంగా 5 నాటికల్ మైళ్ల ఎడం, అంటే సుమారు 9 కిలోమీటర్లు ఉండాలి. లేదంటే ఎత్తులో వెయ్యి అడుగుల తేడా ఉండాలి. ఎదురెదురుగా వచ్చే రెండు జెట్ విమానాలు గంటకు 450 నాటికల్ మైళ్ల చొప్పున వస్తుంటే, నిమిషంలో వాటి మధ్య 28 కిలోమీటర్లు కరిగిపోతాయి. ఆ 9 కిలోమీటర్ల ఎడం ఇరవై సెకన్ల పాటిదే. రెండు నిమిషాల ముందు హెచ్చరిక వస్తే కంట్రోలర్ పైలట్‌ను పిలిచి, అతను బదులు చెప్పి, విమానం కదలడానికి వీలుంటుంది.

యంత్రం సాయం తక్కువైతే ఏమవుతుందో మన దేశం 1996 నవంబరు 12న చూసింది. ఢిల్లీ నుంచి పైకి లేచిన సౌదీ బోయింగ్-747కు 14 వేల అడుగుల దాకా అనుమతి ఉంది. ఢిల్లీకి దిగుతున్న కజకిస్థాన్ ఇల్యూషిన్-76కు 15 వేల అడుగుల దగ్గర ఆగమన్నారు. రాకకూ పోకకూ ఉన్నది ఒకే దారి. కజక్ విమానం ఆగాల్సిన ఎత్తు దాటి దిగిపోయింది. హరియాణాలోని చర్ఖీ దాద్రీ దగ్గర రెండూ ఢీకొని 349 మంది మరణించారు. గాలిలో విమానాలు ఢీకొన్న ప్రమాదాల్లో ప్రపంచంలో ఇంతకన్నా పెద్దది లేదు.

అప్పుడు ఢిల్లీ కంట్రోలర్ ముందున్న రాడార్ విమానం ఎక్కడుందో చూపించేది కానీ ఎంత ఎత్తులో ఉందో చూపించేది కాదు. పైలట్ చెప్పిన ఎత్తే ఆయనకు ఆధారం. ఎత్తు చూపే రాడార్ పనులు నడుస్తున్నాయి, ఇంకా వాడకంలోకి రాలేదు. కంట్రోలర్ తన వంతు పని చేశారు. ఎదురుగా సౌదీ విమానం ఉందని, ఇన్ని మైళ్ల దూరంలో ఉందని కజక్ విమానానికి చెప్పారు కూడా. జస్టిస్ లాహోటీ కమిషన్ కజక్ విమానం అనుమతి దాటి దిగడాన్నే కారణంగా తేల్చింది. ఆ తర్వాతే ఢిల్లీలో రాకపోకలకు వేర్వేరు దారులు, ఎత్తు చూపే రాడార్, మన దేశంలో తిరిగే విమానాల్లో ఢీకొనకుండా హెచ్చరించే పరికరం తప్పనిసరి కావడం వచ్చాయి. ఆ రోజు తెరమీద ఎత్తు చూపే మూడంకెలు ఉండి ఉంటే, ఆ అంకెలు 150 దాటి తగ్గుతుండటం కంట్రోలర్ కంట పడేందుకు ఆస్కారం ఉండేది. యంత్రం వద్దనేవాళ్లు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే చాలు.

మనిషికి ఏ పని, యంత్రానికి ఏ పని అన్న ప్రశ్న కొత్తది కాదు. 1951లో అమెరికా మనస్తత్వవేత్త పాల్ ఫిట్స్ నేతృత్వంలో విమానాల నియంత్రణ మీదే ఒక నివేదిక వచ్చింది. మనుషులు దేనిలో మెరుగు, యంత్రాలు దేనిలో మెరుగు అని అందులో ఒక జాబితా ఇచ్చారు. వేగంగా లెక్క కట్టడం, విసుగు లేకుండా ఒకే పని చేయడం యంత్రానికి; అనుకోనిది ఎదురైనప్పుడు సర్దుకోవడం, అనుభవంతో తీర్పు చెప్పడం మనిషికి. పనులు అలా పంచేస్తే సరిపోతుందని చాలాకాలం అనుకున్నారు. 1983లో బ్రిటన్ పరిశోధకురాలు లిసాన్ బెయిన్‌బ్రిడ్జ్ ఒక చిన్న వ్యాసంలో దాని లోపం బయటపెట్టారు. తేలిక పనులన్నీ యంత్రానికి ఇచ్చేస్తే మనిషికి మిగిలేది రెండే: రోజంతా తెరను చూస్తూ కూర్చోవడం, యంత్రం చేతులెత్తేసిన క్షణంలో అత్యంత కష్టమైన పని చేయడం. రోజూ చేయని పనిని ఆ క్షణంలో బాగా చేయమంటే ఎలా? నలభై ఏళ్లు దాటినా ఈ రంగంలో ఆ వ్యాసాన్ని తలవకుండా ఎవరూ మాట్లాడరు.

తేలికగా కనిపించే పనుల్లో కూడా ఎంత ఉందో కాగితపు స్ట్రిప్‌ల కథ చెబుతుంది. ఒక్కో విమానానికి ఒక సన్నటి కాగితపు పట్టీ, దాన్ని ప్లాస్టిక్ హోల్డర్‌లో దూర్చి, వరుసగా బోర్డు మీద పేరుస్తారు. కొత్త ఎత్తు చెప్పినప్పుడల్లా పాత అంకె కొట్టేసి పెన్నుతో కొత్తది రాస్తారు. ఏదైనా విమానంతో తేలాల్సిన పని మిగిలి ఉంటే ఆ పట్టీని వరుసలోంచి కాస్త పక్కకు లాగి పెడతారు. పక్కనున్న కంట్రోలర్‌కు ఎవరూ చెప్పక్కర్లేదు, చూపు పడగానే తెలిసిపోతుంది. ఇంగ్లండ్‌లోని లాంకాస్టర్ విశ్వవిద్యాలయ సామాజిక శాస్త్రవేత్తలు లండన్ కంట్రోల్ కేంద్రంలో కూర్చుని ఈ అలవాట్లను దగ్గరగా గమనించి రాశారు. ఫ్రాన్స్‌లో వెండీ మెకే అనే పరిశోధకురాలు పారిస్ దగ్గరి కంట్రోలర్లతో కలిసి పనిచేసి, కాగితాన్ని తీసేయకుండానే దానికి కంప్యూటర్‌ను ఎలా జోడించవచ్చో నమూనాలు చేసి చూపించారు. చేత్తో పట్టీ కదపడమంటే ఆ విమానాన్ని మనసులో ఒకసారి ముట్టుకోవడమే. యంత్రం తనంతట తానే అంకెలు మార్చేస్తుంటే ఆ స్పర్శ పోతుంది.

అయినా కాగితం వెనక్కి తగ్గుతూనే వచ్చింది, అందుకు గట్టి కారణాలున్నాయి. ఇంగ్లండ్‌లోని స్వాన్‌విక్ కేంద్రంలో 2011లో ఐఫ్యాక్ట్స్ అనే వ్యవస్థ వచ్చింది. అది 18 నిమిషాలు ముందుకు చూసి ఏ రెండు విమానాల దారులు దగ్గరవుతాయో చూపిస్తుంది. ఇందులో నచ్చే గుణం ఇంకోటుంది. ‘ఈ విమానాన్ని 37 వేలకు ఎక్కిస్తే ఏమవుతుంది?’ అని కంట్రోలర్ పైలట్‌కు చెప్పకముందే యంత్రాన్ని అడిగి చూడొచ్చు. ఎవరితో ఇబ్బంది వస్తుందో అది చూపిస్తుంది. నిర్ణయం కంట్రోలర్‌దే, చెప్పేదీ కంట్రోలరే. తన ఆలోచనను పరీక్షించుకోవడానికి యంత్రం పనికొస్తోంది. అమెరికాలో నాసా ఏమ్స్ కేంద్రంలో హైంజ్ ఎర్జ్‌బెర్గర్ బృందం దశాబ్దాల పాటు పనిచేసి తయారుచేసిన సాధనాలు, దిగాల్సిన విమానాలు ఏ వరుసలో, ఏ సమయానికి రావాలో లెక్క కడతాయి. మన దేశంలో ఇలాంటి లెక్క ప్రయాణికుడికి ఇంకో రూపంలో అనుభవమే. శంషాబాద్‌లో తలుపులు మూశాక ‘ఏటీసీ అనుమతి కోసం ఎదురుచూస్తున్నాం’ అని పైలట్ చెబితే, చాలాసార్లు అది అక్కడి రన్‌వే ఇబ్బంది కాదు. ఢిల్లీలోనో ముంబయిలోనో దిగే వేళకు అక్కడ రద్దీ ఉంటుందని ఢిల్లీలోని సెంట్రల్ కమాండ్ సెంటర్ లెక్క కట్టి, బయల్దేరే సమయం జరిపి ఉంటుంది. గాలిలో చక్కర్లు కొట్టే బదులు నేలమీద ఆగడం ఇంధనానికీ మంచిదే, కంట్రోలర్‌కూ మంచిదే.

సలహా ఇచ్చే యంత్రాన్ని మనిషి నమ్ముతాడా? ఐర్లండ్‌లోని షానన్‌లో వృత్తిలో ఉన్న 16 మంది కంట్రోలర్లతో ఒక ప్రయోగం చేశారు. ముందు వాళ్లకు కొన్ని చిక్కుముడులిచ్చి పరిష్కరించమన్నారు. తర్వాత అవే చిక్కుముడులను గుర్తుపట్టకుండా తిప్పి చూపించి, యంత్రం సలహా అంటూ ఒక్కోటి ముందుంచారు. వాటిలో కొన్ని నిజానికి ఆ కంట్రోలర్ మునుపు తానే ఇచ్చిన పరిష్కారాలు. అలాంటి సలహాలను, వేరే రకం సలహాల కన్నా ఎక్కువగానే ఒప్పుకున్నారు. కానీ దాదాపు నాలుగో వంతు సందర్భాల్లో తమ సొంత పరిష్కారాన్నే, యంత్రం చెప్పిందనుకుని తిరస్కరించారు!

దీన్ని మొండితనం అనుకోనక్కర్లేదు. అనుభవమున్న కంట్రోలర్‌కు పరిష్కారం ఒక్కటే చాలదు, అది ఎందుకో తెలియాలి. కుడికి తిప్పమంటే, ఎడమకు ఎందుకు వద్దో తెలియాలి. రేపు పైలట్ ‘అటు మేఘాలున్నాయి, వెళ్లలేను’ అంటే రెండో దారి చేతిలో ఉండాలి కదా. కారణం చెప్పకుండా జవాబు మాత్రమే ఇచ్చే యంత్రం మనిషి మనసులోని చిత్రాన్ని మసకబారుస్తుంది.

అతిగా హెచ్చరించే యంత్రంతో ఇంకో చిక్కు. 1997 ఆగస్టు 6న కొరియన్ ఎయిర్ బోయింగ్-747 వానలో గ్వామ్ దీవిలో దిగబోతూ రన్‌వేకు ముందున్న నిమిట్జ్ కొండను ఢీకొంది. 254 మందిలో 228 మంది పోయారు. విమానం నేలకు మరీ దగ్గరగా వస్తే కంట్రోలర్‌ను హెచ్చరించే వ్యవస్థ అక్కడ ఉంది. కానీ అనవసరపు హెచ్చరికలు ఎక్కువై విసిగిస్తోందని, దాన్ని విమానాశ్రయం చుట్టూ 54 నాటికల్ మైళ్ల మేర పనిచేయకుండా చేసేశారు. ‘నాన్నా పులి’ కథలో పిల్లవాడికి పట్టిన గతే యంత్రానికీ పట్టింది, కాకపోతే ఇక్కడ నోరు నొక్కింది ఊరివాళ్లే. పైలట్ల లోపాలు ప్రధాన కారణమని తేల్చినా, ఆ వ్యవస్థను కావాలని ఆపడాన్ని కూడా అమెరికా దర్యాప్తు సంస్థ ప్రమాదానికి తోడైన కారణంగా రాసింది. హెచ్చరికను ఎప్పుడు మోగించాలన్నది ఎంత ముఖ్యమో, ఎప్పుడు మోగించకూడదన్నదీ అంతే ముఖ్యం.

మోగని హెచ్చరిక కథ టోక్యోది. 2024 జనవరి 2 సాయంత్రం హనేడా విమానాశ్రయంలో జపాన్ ఎయిర్‌లైన్స్ ఎయిర్‌బస్ ఏ350 దిగుతుండగా, అదే రన్‌వే మీద కోస్ట్‌గార్డ్ విమానం నిలబడి ఉంది. రెండూ ఢీకొన్నాయి. ఎయిర్‌బస్‌లోని 379 మందీ మంటల్లోంచి బయటపడ్డారు. కోస్ట్‌గార్డ్ విమానంలో ఆరుగురిలో ఐదుగురు చనిపోయారు. దిగే విమానం వస్తుండగా రన్‌వే మీద ఇంకోటి ఉంటే రంగు మార్చి చూపించే ఏర్పాటు టవర్‌లో ఉంది. ఆ సాయంత్రం అది తన పని తాను చేసింది. తెరమీద రంగు మారింది. కంట్రోలర్లు గమనించలేదు. దానికి శబ్దం లేదు. కిటికీలోంచి రన్‌వేలు, చెవిలో రేడియో, ఎదురుగా ఇంకా ఎన్నో తెరలు ఉన్న మనిషి ఒక మూల రంగు మారడాన్ని చూడలేకపోతే ఆ మనిషిని నిందించి లాభమేమిటి? ప్రమాదం జరిగిన నాలుగు రోజులకే జపాన్ అధికారులు ఆ ఒక్క తెరను కనిపెట్టుకుని ఉండటానికే ప్రత్యేకంగా ఒక మనిషిని కూర్చోబెట్టారు.

ఇప్పుడు కృత్రిమ మేధ వంతు. బ్రిటన్‌లో విమానాల రాకపోకలను నడిపే నాట్స్ సంస్థ, అలన్ ట్యూరింగ్ ఇన్‌స్టిట్యూట్, ఎక్సెటర్ విశ్వవిద్యాలయం కలిసి 2021 నుంచి బ్లూబర్డ్ అనే పరిశోధన చేస్తున్నాయి. ఇంగ్లండ్ ఆకాశానికి కంప్యూటర్‌లో ఒక నకలు తయారుచేసి, అందులో కృత్రిమ మేధ చేత విమానాలను నడిపించి చూస్తున్నారు. యూరప్ విమాన భద్రతా సంస్థ ఈ తరహా యంత్రాలను మూడు మెట్లుగా విడదీసింది. మొదటి మెట్టులో యంత్రం మనిషికి సాయం చేస్తుంది, రెండో మెట్టులో మనిషితో జట్టుగా పనిచేస్తుంది, మూడో మెట్టులో చాలావరకు తానే నడిపిస్తుంది. రెండో మెట్టే అన్నిటికన్నా కష్టమైనదని ఇంతదాకా వచ్చిన అనుభవం చెబుతోంది. జట్టు అన్నాక ఎవరి మాట ఎప్పుడు నెగ్గుతుందో ముందే తేలాలి. ఒకరు ఆగిపోతే రెండోవారికి తక్షణం తెలియాలి.

ఆగిపోవడం అరుదేమీ కాదు. 2023 ఆగస్టు 28న బ్రిటన్‌లో ఫ్లైట్ ప్లాన్‌లను స్వీకరించే కంప్యూటర్‌కు ఒక ప్లాన్‌లో ఒకే పేరున్న రెండు మజిలీ బిందువులు ఎదురయ్యాయి. ఒకటి ఫ్రాన్స్‌లో, ఇంకొకటి అమెరికాలో. ఏది నమ్మాలో తేల్చుకోలేక ప్రధాన కంప్యూటర్ ఆగింది. ప్రత్యామ్నాయంగా ఉన్నదీ అదే ప్రోగ్రాం కాబట్టి అదే ప్లాన్ దగ్గర అదీ ఆగింది. తప్పుడు సమాచారం కంట్రోలర్‌కు అందించే కన్నా ఆగిపోవడమే మేలన్నట్టుగా దాన్ని తయారుచేశారు. ఏడు లక్షల మందికి పైగా ప్రయాణికులు ఇబ్బంది పడ్డారు.

2025 నవంబరు మొదటి వారంలో ఢిల్లీలోనూ ఇలాంటిదే జరిగింది. ఫ్లైట్ ప్లాన్‌లను అందుకుని కంట్రోలర్ల తెరలకు పంపే సందేశాల వ్యవస్థ దెబ్బతింది. కంప్యూటర్ చేసే ఆ పనిని మనుషులు చేత్తో చేయాల్సి వచ్చింది. 800కు పైగా విమానాలు ఆలస్యమయ్యాయి. అంతకు కొన్ని నెలల ముందే, ఆ ఆగస్టులో, పార్లమెంటు స్థాయీ సంఘం విమాన భద్రత మీద ఇచ్చిన నివేదికలో కంట్రోలర్ల కొరత, అలసట, పాతబడుతున్న ఆటోమేషన్ గురించి ప్రస్తావించింది.

హైదరాబాద్ బేగంపేటలో ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ శిక్షణ కేంద్రం ఉంది. భౌతికశాస్త్రం, గణితం చదివిన డిగ్రీవాళ్లు, ఇంజినీర్లు కంట్రోలర్ ఉద్యోగానికి ఎంపికై, ఇలాంటి కేంద్రాల్లో సిమ్యులేటర్ల ముందు కూర్చుని విమానాల మధ్య ఎడం ఉంచడం నేర్చుకుంటారు. వాళ్లకు యంత్రం ఉన్నప్పటి పనితోపాటు, యంత్రం సగం మాత్రమే పనిచేస్తున్నప్పటి పనిని కూడా ఏటా మళ్లీ మళ్లీ సాధన చేయించాలి. ఒక సాధనం పూర్తిగా ఆగితే మనిషి జాగ్రత్త పడతాడు. ఏ భాగం పనిచేస్తోందో, ఏది చేయడం లేదో తెలియని స్థితే అన్నిటికన్నా ప్రమాదం. కొత్త వ్యవస్థలు కొనేటప్పుడు అవి ఎన్ని నిమిషాలు ముందుకు చూడగలవో, ఎన్ని విమానాలను ఒకేసారి పట్టుకోగలవో టెండరులో రాస్తారు. ఆ పక్కనే ఇంకో వరుస కూడా రాయాలి: అందులో ఒక భాగం ఆగిపోతే సీట్లో కూర్చున్న కంట్రోలర్‌కు ఎన్ని సెకన్లలో, తెరమీద ఏ గుర్తుతో, ఏ శబ్దంతో తెలుస్తుందో. ఆ వరుసను ఖరారు చేసే సమావేశానికి రాత్రి డ్యూటీలు చేసే కంట్రోలర్లను కూడా పిలవాలి.